పంటి కింది పెదవి

పెళ్ళయ్యేనాటికి బొమ్మికి ఇంగ్లీషు మాటలు రెండే వచ్చు. ఒకటి బస్సు, ఇంకొకటి కాపి. రెండోది తప్పని కాపురానికి వచ్చిన వారంలోనే తెలిసింది.

ఆమె పుట్టిల్లు అరవదేశంలోని మంసాపురం. తండ్రి పోయాక అన్న కుమారసామి మెట్ట పొలాన్నీ, ఎడ్లబండినీ, తెల్ల వేటకుక్కలనూ చూసుకుంటూ చెల్లెల్ని పెంచాడు. కొండ దిగి చెరకు తోటల్లో పడే అడవిపందులను కొట్టడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అతన్ని పిలిపించుకునేవాళ్ళు. బొమ్మి చిన్నప్పటి నుంచీ ఆ కుక్కలకు కూడు కలిపి పెట్టేది. పంది కోరకు పొట్ట చీరుకుపోయి వచ్చిన కుక్కకు సూదీ దారంతో తనే కుట్లు వేసేది. నెత్తురు చూసి మొహం తిప్పుకునే పిల్ల కాదు.

అలాంటి పిల్లకు బి.ఏ. చదివిన మొగుడు దొరకడం అక్కడి తెలుగువాళ్ళలో గొప్పగా చెప్పుకున్నారు. సౌందరరాజన్‌ది సత్రపట్టి. రాజపాళయంలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు వాద్యారు. సన్నగా, పొడుగ్గా, తెల్లకోటు మీద మడత కూడా నలగకుండా ఉండేవాడు. గొంతు ఎప్పుడూ పెంచడు. పెళ్ళిచూపుల్లో కుమారసామికి అదే నచ్చింది. మెల్లగా మాట్లాడేవాడు మెత్తనివాడని అనుకున్నాడు.

అది ముప్ఫై ఏడో సంవత్సరం. బస్‌స్టాండు వెనక వీధిలో చిన్న మిద్దె ఇంట్లో కాపురం పెట్టారు. ఒకరోజు పొద్దున బొమ్మి లోటా అందిస్తూ, "కాపి చల్లారిపోతా ఉంది, తీసుకోండి" అంది.

అతను లోటా అందుకోలేదు. నవ్వాడు. "కాపి కాదు. కాఫీ. మళ్ళా చెప్పు."

"కాపి."

"పైపళ్ళు కింది పెదవి మీద ఆనించు. అట్లనే గాలి వదులు. పెదవులు రెండూ కలవకూడదు. కలిస్తే మన ప వస్తుంది. వాళ్ళది వేరే."

బొమ్మి ప్రయత్నించింది. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. మొదట్లో ఆమెకు అది ఆటలాగే ఉండేది. నేర్చుకోవాలని నిజంగానే అనిపించింది. సాయంత్రం బడి నుంచి వచ్చాక అతను అద్దం ముందు ఆమెను కూర్చోబెట్టి ఫిష్, ఫ్లవర్, ఫాదర్ అని చెప్పేవాడు. ఆమె పిష్, ప్లవర్, పాదర్ అనేది.

అలాంటి ఒక సాయంత్రం అతను తన సంగతి చెప్పాడు. కాలేజీలో దొర ప్రొఫెసరు అతన్ని బెంచీ మీద నిలబెట్టి "ఫిఫ్టీ ఫైవ్" అనమనేవాడట. ఇతను "పిప్టీ పైవ్" అంటే క్లాసంతా నవ్వేదట. ఒక ఏడాది పాటు ప్రతి క్లాసులోనూ అదే. చివరికి ఇతను హాస్టల్లో తలుపు గడియ వేసుకుని, పన్ను ఎక్కడ ఆనాలో పెదవికి తెలియాలని, అక్కడ గుండుసూదితో పొడుచుకున్నాడు. పుండు పడింది. పుండు మీదే పన్ను ఆనించి పలికాడు.

"చూడు," అని కింది పెదవి లాగి లోపలి నల్లమచ్చ చూపించాడు. "నొప్పిదా నాకు నేర్పించింది. నొప్పే."

బొమ్మికి జాలి వేసింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది కూడా.

కొన్నాళ్ళకు స్కూలు హెడ్‌మాస్టరు భార్యతో టిఫినుకు వచ్చాడు. ఆవిడ మద్రాసు మనిషి. బొమ్మి వడలు పెట్టింది, తర్వాత లోటాలు తెచ్చి, తడబడుతూ, "కాపి తీసుకోండి" అంది. ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో తుడుచుకుందో బొమ్మికి తెలియలేదు. సౌందరరాజన్ చూశాడు.

వాళ్ళను వీధి చివరిదాకా సాగనంపి వచ్చి తలుపు వేశాడు. ఇత్తడి లోటా తీసుకున్నాడు. దాని అంచుతో ఆమె నోటి మీద కొట్టాడు. గొంతు మాత్రం పెంచలేదు.

"కాఫీ," అన్నాడు.

బొమ్మి నోట్లో ఉప్పగా నెత్తురు. "కాపి," అంది. వేరే ఏం అనాలో తెలియలేదు. మళ్ళీ కొట్టాడు.

ఆ తర్వాత పొద్దున కాఫీ పాఠమైంది. అతను బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆమె లోటా పట్టుకుని నిలబడి దాని పేరు చెప్పాలి. సరిగ్గా చెబితే తాగుతాడు. లేకపోతే పొగలు కక్కే కాఫీని ఆమె మీదికి చిమ్మి, స్నానానికి లేస్తాడు. మెడ కింద, చేతుల మీద బొబ్బలు లేచేవి. స్కూల్లో వాడే పిరంబు ఇంటికి వచ్చింది. ఆ బెత్తాన్ని అరచేతి మీద కాదు, పెదవి మీదే ఆడించేవాడు. మరీ గట్టిగా కాదు, తెగేంత. తెగిన చోటే మర్నాడు మళ్ళీ కొట్టేవాడు.

వడ్లు దంచడానికి వచ్చే కరుప్పాయి అది గమనించింది. ఆమె కూడా తెలుగు మనిషే, కూలి చేసుకుని బతికేది. రోకలి ఆపి, "ఏమి తాయీ, పెదవి అట్ల ఉబ్బి ఉండాది?" అంది.

"ఇంగిలీసు నేర్చుకుంటా ఉండాను."

"నోటి మీద కొట్టి నేర్పిస్తారా దాన్ని?"

బొమ్మి చాట అందుకుంది. చాటలో నూకలు చెరుగుతూ ఉండిపోయింది. కుమారసామికి చెప్పొచ్చు. చెబితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. అన్నకు మాటలు రావు, చేతులే వస్తాయి. ఆ పలుకు తనకు వచ్చేస్తే ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదనుకుంది. మొగుడు బడికి వెళ్ళాక పొయ్యి దగ్గర కూర్చుని, గొట్టంతో నిప్పు ఊది, అదే ఊపిరితో ఫ, ఫ అని ప్రయత్నించేది. పొగకు కళ్ళు మండేవి. ప, ప అనే వచ్చేది.

చివరికి వచ్చింది. ఎలా వచ్చిందంటే, ముందురోజు దెబ్బకు కింది పెదవి తొనలా ఉబ్బి పైకి లేచి ఉంది. నోరు తెరవగానే అది తనంతట తానే పైపళ్ళకు తగిలింది. పెదవులు కలవడానికి చోటే లేదు. గాలి ఆ సందులోంచి సర్రున పోయింది.

"కాఫీ," అంది బొమ్మి లోటా పట్టుకుని.

సౌందరరాజన్ తలెత్తి చూశాడు. "మళ్ళా."

"కాఫీ. ఫిష్. ఫ్లవర్."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి ఆమె తల నిమిరాడు. "చూసినావా? నేను చెప్పలేదా? దెబ్బదా నేర్పించేది." లోటా అందుకుని ఆఖరి చుక్క దాకా తాగాడు. ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. వాపు తగ్గాక కూడా ఆ పలుకు పోలేదు. పెదవి గుర్తుపెట్టుకుంది. బొమ్మి ఇక అంతా అయిపోయిందనుకుంది. అలాగే ఒక నెల గడిచింది. ఆ నెలలో ఆమె పాటలు కూడా పాడుకుంది.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక అతను, "ఫాదర్ అను" అన్నాడు.

"ఫాదర్."

"ఫ వచ్చింది. ద రాలేదు. అది మన ద కాదు. నాలిక పళ్ళ మధ్యలోకి రావల్ల."

ఆమె అన్నది. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అన్నది. అతను మెల్లగా లేచి గోడకు ఆనించిన పిరంబు తీసుకున్నాడు. దాన్ని చూడగానే బొమ్మికి సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ పలుకు రాకపోవడం వల్ల దెబ్బలు పడుతున్నాయని అనుకుంది. అది కాదు. ఒకటి వస్తే ఇంకొకటి ఉంటుంది. అది వస్తే దాని వెనక ఇంకొకటి. ఆ భాష నిండా అవే ఉంటాయి.

"నోరు తెరువు," అన్నాడు అతను. "నాలిక ఎక్కడ ఉండాల్నో చూపిస్తాను." కుడిచేతి వేళ్ళు రెండు ఆమె నోట్లో పెట్టి నాలుక కొసను వాటి మధ్య పట్టి ముందుకు లాగాడు. గోరు దిగింది. "ఇప్పుడు అను."

బొమ్మి పళ్ళు కలిపింది.

అతను అరిచాడు. అతని గొంతు పెరగడం ఆమె విన్నది అదే మొదటిసారి. ఆమె వదల్లేదు. పందిని పట్టిన కుక్క ఎట్లా వదలదో చిన్నప్పటి నుంచీ చూసినదే. కళ్ళు మూసుకుని దవడ బిగించింది. పంటి కింద ఎముక చిట్లిన శబ్దం చెవుల్లోపల వినబడింది. అతను ఎడంచేత్తో ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. వదల్లేదు. చేతికందిన రోకలి తీసి భుజం మీద వేశాడు. రెండో దెబ్బకు మెడపక్క ఎముక విరిగింది. అప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంది. చూపుడువేలి కొస తోలుకు వేలాడుతూ ఉంది.

ఆమె కింద పడ్డాక కూడా అతను రోకలితో నడుము మీద, తొడల మీద వేస్తూనే ఉన్నాడు. అరుపు విని పక్కింటి పెరట్లోంచి కరుప్పాయి పరిగెత్తి వచ్చింది. వచ్చి బొమ్మి మీద పడి పడుకుంది. ఒక దెబ్బ ఆమె వీపు మీద కూడా పడింది.

"కొట్టండి సామీ," అంది కరుప్పాయి తల ఎత్తకుండానే. "ఇద్దర్నీ చంపేయండి. వీధంతా వాకిట్లోదా నిలబడి ఉండారు."

అతను వాకిలి వైపు చూశాడు. రోకలి కింద పెట్టాడు. తువ్వాలు చేతికి చుట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచిపోయాడు.

కరుప్పాయి అద్దెబండి పిలిపించి, గడ్డి మీద పడుకోబెట్టి, బొమ్మిని మంసాపురం చేర్చింది. కుమారసామి చెల్లెల్ని రెండు చేతుల మీద ఎత్తి లోపలికి తెచ్చాడు. ఎముకలు కట్టే వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడు కట్టు కట్టేదాకా ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పెదవి తిప్పి చూశాడు. లోపలంతా పుండ్ల మీద పుండ్లు, గట్లు కట్టిన తోలు.

"ఏంటికి?" అన్నాడు.

"ఒక పలుకు కోసరం."

"ఏ పలుకు?"

బొమ్మి పలికి వినిపించింది. కుమారసామి ఆమె నోటి వైపు చూశాడు. "అంతేనా," అన్నాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు అతను రాజపాళయం వెళ్ళాడు. అరివాళ్‌ను తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. కొబ్బరికాయలు కొట్టే వంపు కత్తి అది. స్కూల్లో పాఠాలు మొదలయ్యాయి. సౌందరరాజన్ కుడిచేతికి కట్టుతో, ఎడంచేత్తో పిరంబు పట్టుకుని నల్లబల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కుమారసామి తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"బావా, బయటికి రా."

"పాఠం నడుస్తా ఉంది. అయినాక మాట్లాడదాం."

కుమారసామి కోటు కాలరు పట్టి ఈడ్చాడు. బల్లలు పక్కకు జరిగాయి, సిరాబుడ్డి ఒకటి పగిలింది. నడవలోకి తెచ్చి మొదట చేతులతోనే కొట్టాడు. మొహం మీద, ఛాతీ మీద, నేల మీద పడ్డాక పక్కటెముకల మీద. పిల్లలు తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఒక్కడూ కేక వేయలేదు, ఒక్కడూ పరిగెత్తి వెళ్ళి ఎవర్నీ పిలుచుకు రాలేదు. చాలామంది పెదవుల మీద మానిన గీతలున్నాయి. కుమారసామి వాటిని చూశాడు. చూశాకే తువ్వాలు విప్పాడు.

మెడకు గురిపెట్టాడు. సౌందరరాజన్ ఎడంచెయ్యి అడ్డం పెట్టాడు. అరివాళ్ మోచేతి కింద దిగి ఎముకకు తగిలి ఆగింది. నెత్తురు గోడకు చిమ్మింది. కుమారసామి కత్తి ఊడబెరికాడు. రెండోసారి ఎత్తి, ఏమనుకున్నాడో, దించేశాడు. కత్తి పక్కన పెట్టి స్కూలు మెట్ల మీద కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

కేసు కోర్టుకు వచ్చేసరికి బొమ్మి ఎముక వంకరగా అతుక్కుంది. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. అన్న తరఫు వక్కీలు ఆమెను సాక్షి బోనెక్కించాడు. పంటి కింద పెదవి పెట్టించి కొట్టిన సంగతంతా అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎదుటి వక్కీలు లేచాడు.

"మొగుడు వేలు కొరికినావు. నిజమా?"

"నిజందా."

"ఆ టైములో ఆయన ఏమి చేస్తా ఉన్నాడు?"

"నాకు ఇంగిలీసు నేర్పిస్తా ఉన్నాడు."

కోర్టులో నవ్వులు లేచాయి. జడ్జి కళ్ళజోడు సవరించుకుని అడిగాడు. "ఎంత నేర్చుకుంటివి? ఒక మాట చెప్పు, వింటాము."

బొమ్మి బోను కర్ర పట్టుకుంది. తప్పు పలకాలా ఒప్పు పలకాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. తప్పు పలకడానికి నోరు రాలేదు. అది ఆమె చేతిలో లేకుండా పోయింది.

"ఫిష్," అంది. "ఫాదర్. ఫిఫ్టీ ఫైవ్."

జడ్జి తల ఊపాడు. "బాగా నేర్పించినాడే," అన్నాడు గుమాస్తా వైపు తిరిగి.

ఆ మాట తీర్పులో రాయలేదు, కానీ తీర్పు ఆ మాటలాగే వచ్చింది. చదువు చెప్పే వాద్యారును బళ్ళోనే నరికినందుకు కుమారసామికి నాలుగేళ్ళు పడింది. చేతికి బేడీలు వేసి తీసుకుపోతుంటే అతను బొమ్మి దగ్గర ఆగి, "కుక్కలకు ఒక్కపూటయినా జొన్నకూడు తప్పించవద్దు" అన్నాడు.

బొమ్మి తప్పించలేదు. పొలం కౌలుకు ఇచ్చి, కుక్కల్ని మాత్రం తనే ఉంచుకుంది. చెరకు తోటల వాళ్ళు మొదట ఆడమనిషని పిలవడానికి వెనకాడారు. పంది పైరును తొక్కేస్తుంటే ఎన్నాళ్ళు వెనకాడతారు? ఒక వేటలో పెద్ద మగపంది రెండు కుక్కల్ని చీల్చేసి గట్టు ఎక్కి ఆమె మీదికే వచ్చింది. బొమ్మి కుడిచేత్తో ఈటె నేలకు ఆనించి, మోకాలు దన్నుపెట్టి నిలబడింది. పంది బరువుకు ఈటె కర్ర విల్లులా వంగింది. అది ఆగి, కాళ్ళు తన్నుకుని, ఆమె పాదాల మీదే పడి చచ్చింది. చుట్టూ ఉన్న మగవాళ్ళు దగ్గరికి వచ్చేసరికి ఆమె చచ్చిన కుక్క పక్కన కూర్చుని ఉంది. ఆ తర్వాత ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

కుమారసామి తిరిగి వచ్చేసరికి జుట్టు నెరిసిపోయింది. కొబ్బరికాయ కొట్టడానికి కూడా అరివాళ్ ముట్టేవాడు కాదు. పగలంతా వాకిట్లో కుక్కల మధ్య కూర్చునేవాడు. సౌందరరాజన్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడనీ, హెడ్‌మాస్టరు కూడా అయ్యాడనీ ఎవరో చెబితే విని, లేచి కుక్కలకు నీళ్ళు పోశాడు.

యుద్ధం ముగిసిన మరుసటేడు బొమ్మి ఉప్పు, మిరపకాయలు కొనడానికి రాజపాళయం వచ్చింది. బస్‌స్టాండులో మంచి చీర కట్టుకున్న ఒక ఆడమనిషి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. గాలికి చెంగు జారింది. కింది పెదవి మీద నల్లగా, వరసగా గాట్లు. బొమ్మి సంచి కింద పెట్టి ఆమె దగ్గరికి నడిచింది.

"నువ్వు వాద్యారింటి మనిషివిదా?"

ఆమె భయపడి చుట్టూ చూసింది. బొమ్మి భుజం వంకర చూసి ఎవరో పోల్చుకుంది. "ఆమా, అవునక్కా. నా పేరు అంబుజం. తళవాయిపురం మాది."

"ఇప్పుడు ఏ మాట నడుస్తా ఉంది?"

అంబుజం కళ్ళు నిండాయి. "ఫ రాలేదక్కా ఇంకా. ఆరేండ్లయింది. నాకు ఎంత చేసినా రాదు. అది ఒకటి వచ్చేస్తే ఆపేస్తాడు."

"నాకు వచ్చింది," అంది బొమ్మి.

అంబుజం ఆమె మొహం వైపు చూసింది. "వచ్చినాక?"

"వేరే పలుకు తెచ్చినాడు."

తళవాయిపురం బస్సు హారను కొట్టింది. అంబుజం కదల్లేదు. బొమ్మి సంచి ఎత్తుకుని, "మంసాపురం బస్సు ఆ పక్క నిలుస్తుంది. దిగి, కుక్కలుండే ఇల్లు ఏదని అడుగు. ఎవరైనా చూపిస్తారు" అంది.

వానలు తగ్గాక అంబుజం వచ్చింది. చేతిలో చిన్న రేకుపెట్టె, మెడ నుంచి భుజం దాకా తోలు ఊడిన కాలిన గాయం. కుమారసామి ఆ గాయం చూసి లేచి తన మంచం లోపలికి జరిపి ఇచ్చాడు, తను వాకిట్లో పడుకున్నాడు. బొమ్మి గాయానికి కొబ్బరినూనె రాసి, అరిటాకు పరిచి పడుకోబెట్టింది. గాయం ఆరుతుండగా అంబుజం లేచి తిరగడం మొదలుపెట్టింది. కుక్కలకు మొదట భయపడింది. తర్వాత పెద్ద కట్టె గరిటెతో వాటి కూడు తనే కలపసాగింది.

అప్పుడు వచ్చాడు సౌందరరాజన్. మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడని బొమ్మి అనుకుంది. ఒక్కడే వచ్చాడు. మధ్యాహ్నం బస్సు దిగి, గొడుగు మడిచి, వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. జుట్టు పలచబడింది. ఎడంచెయ్యి సగమే మూసుకుంటుంది, కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది. కుక్కలు గొలుసులు లాగుతూ మొరిగాయి. కుమారసామి గడపలో నిలబడ్డాడు.

"నువ్వు లోపలికి పో అన్నా," అంది బొమ్మి. "ఇది నీ పని కాదు."

సౌందరరాజన్ ఆమె వైపు చూడలేదు. తలుపు చాటున ఉన్న అంబుజానికి వినబడేలా, అదే మెత్తని గొంతుతో మాట్లాడాడు. "తప్పయిపోయింది అంబుజం. ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు లేరు. నేను ముసలివాణ్ణి అయిపోతా ఉండాను. ఇంకమీద చెయ్యి ఎత్తను. రా, ఇంటికి పోదాం." మాట్లాడుతూ ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదని బొమ్మికి తెలుసు. మల్లెపూలు తెచ్చిన రోజు కూడా అతను నిజంగానే ఏడ్చాడు.

అంబుజం లోపలికి వెళ్ళింది. రేకుపెట్టె పట్టుకుని బయటికి వచ్చింది. బొమ్మి ఆమె దారికి అడ్డం నిలబడలేదు. చెప్పవలసింది బస్‌స్టాండులోనే చెప్పింది.

సౌందరరాజన్ కళ్ళు తుడుచుకుని లేచాడు. మొహం వెలిగింది. "అంతేదా. నువ్వు కూడా ఒక మాట చెప్పేయి, ఇద్దరికీ సరిపోతుంది. చెప్పకుండా ఇల్లు దాటి వచ్చినావు కదా. ఫర్గివ్ మీ. అంతే, రెండే మాటలు."

అంబుజం పెట్టె కింద పెట్టింది. పైపళ్ళు పెదవి మీద ఆనించడానికి ఆమె పడుతున్న యాతన అందరికీ కనబడింది.

"పర్గివ్ మీ."

అతని చెయ్యి లేచింది. తను ఎక్కడున్నాడో, ఎవరు చూస్తున్నారో, ఇప్పుడే ఏం చెప్పాడో ఆ చేతికి గుర్తు లేనట్టుంది. ఆమె నోటి మీద వెనకచేత్తో కొట్టాడు. మానిన పెదవి మళ్ళీ పగిలింది. అతని మొహంలో అప్పుడు కనబడింది కోపం కాదు, ఆశ్చర్యం. తన చెయ్యి తనే చూసుకున్నాడు.

అంబుజం ఒక అడుగు వెనక్కి వేసింది. కుక్కల తొట్టిలో ఉన్న కట్టె గరిటెను రెండు చేతులా పట్టి తీసింది. జొన్నకూడు ఇంకా దానికి అంటుకునే ఉంది. తిప్పి అతని చెవి మీద కొట్టింది. అతను అరుగు మీద పడ్డాడు. లేవబోతే మోకాలి మీద కొట్టింది. ఏదో విరిగింది. ఆమె నోటి నుంచి మాట లేదు, అరుపు లేదు, ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తూ కొడుతోంది. వీపు మీద, చేతుల మీద, మళ్ళీ తల మీద. తెల్లకోటు ఎర్రబడింది. అతను చేతులు తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. కుక్కలు మొరగడం ఆపి చూస్తున్నాయి. బొమ్మి కదల్లేదు.

అంబుజం గరిటెను నెత్తికి పైగా ఎత్తి, కణతకు గురిచూసినప్పుడు మాత్రం బొమ్మి ముందుకు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"చాలు. చచ్చిపోతే నీకు జైలు. వీడి కోసరం ఇంకొకరు పోవద్దు."

అంబుజం చెయ్యి దించడానికి కాసేపు పట్టింది. వేళ్ళు గరిటెకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి. బొమ్మి ఒక్కొక్కటీ విడదీసింది. తర్వాత తడిగుడ్డ ఒకటి తెచ్చి సౌందరరాజన్ పక్కన పడేసింది.

"తుడుచుకోండి. సాయంత్రం బస్సు వస్తా ఉంది."

అతను గొడుగు ఆసరాగా లేచి, కుంటుకుంటూ రోడ్డు వైపు పోయాడు. ఊళ్ళో వాళ్ళు దారి ఇచ్చారు, ఎవరూ చెయ్యి ఇవ్వలేదు.

కేసు పెట్టలేదు. పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నానని హెడ్‌మాస్టరు ఏ కోర్టులో చెప్పుకుంటాడు? బస్సు దిగుతూ పడ్డానని స్కూల్లో చెప్పాడట. తళవాయిపురం నుంచి అంబుజం తండ్రి ఒకసారి వచ్చి పరువు సంగతి మాట్లాడాడు. కూతురు బయటికి రాలేదు. కుమారసామి ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించాడు. అంబుజం మంసాపురంలోనే ఉండిపోయింది. కౌలుకిచ్చిన పొలాన్ని బొమ్మి వెనక్కి తీసుకుంది, ఇద్దరూ కలిసి అందులో జొన్న వేశారు.

సౌందరరాజన్‌కు ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ పిల్లనివ్వలేదు. స్కూలు మాత్రం అతన్ని వదులుకోలేదు. ఇంగ్లీషు అంత శుద్ధంగా పలికే మనిషి ఆ ఊళ్ళో ఇంకొకడు లేడని, దూరం నుంచి కూడా పిల్లల్ని తెచ్చి అతని దగ్గర చేర్పించేవాళ్ళు.